శాకపాకం – జీవనవిద్య

తెలుగునాట ఇద్దరు ఇరుగుపొరుగు గృహిణులు ఉదయంపూట గోడవారన కలుసుకొంటే మొదట వినిపించే ప్రశ్న "ఈవేళ ఏం కూర వదినా?" అన్నదే. అన్నం సంగతి ఎవరూ అడగరు. అది ప్రతి ఇంటా ఉండేదే. ఒక ఇంటి భోజనానికీ మరొక ఇంటి భోజనానికీ, నిన్నటి భోజనానికీ నేటి భోజనానికీ భేదం కల్పించేది కూర. 'కూర' అన్న మాటను పరిశీలిస్తే ఈ ప్రాధాన్యం మరింత స్పష్టమవుతుంది. తోటకూర, పాలకూర, చుక్కకూర అన్నప్పుడు అది పచ్చి ఆకుకు పేరు. వంకాయకూర, బీరకాయకూర అన్నప్పుడు అది వండిన పదార్థానికి పేరు. కూరకు పనికివచ్చే కాయలు కాబట్టి అవి కూరగాయలయ్యాయి. మడిలోని ఆకునూ విస్తరిలోని వంటకాన్నీ ఒకే మాటతో పిలుచుకొన్న తెలుగువారికి ఆ రెండింటి నడుమ జరిగే వంట ఎంత సహజమైన పనో వేరుగా చెప్పనక్కరలేదు.

అంత సహజమైన పని నేటి చదువుకొన్న యువతకు క్రమంగా అపరిచితమవుతున్నది. ఇంటర్మీడియట్ విద్యార్థి త్రికోణమితి సమస్యలను సాధించగలడు. కర్బన రసాయనశాస్త్రంలోని చర్యలను వరుసగా అప్పజెప్పగలడు. అరకిలో దొండకాయలు చేతికిచ్చి కూర చేయమంటే మాత్రం దిక్కులు చూస్తాడు. ఇది నవ్వుకొని విడిచిపెట్టదగిన విషయం కాదు. పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల ప్రాయం ఇల్లు విడిచి వెళ్లడానికి సిద్ధపడే ప్రాయం. ఆ ప్రాయంలో ఆడపిల్ల అయినా మగపిల్లవాడైనా సాధారణమైన కూరలు నాలుగు స్వయంగా వండుకోగలగడం చదువులో భాగం కావాలి. అది లేని చదువు ఎన్ని మార్కులు తెచ్చిపెట్టినా అసంపూర్ణమే.

ఇల్లు విడిచిన విద్యార్థి స్థితి ఒకసారి ఊహించి చూడవచ్చు. హైదరాబాదులోనో విజయవాడలోనో ముగ్గురు మిత్రులు కలసి ఒక గది అద్దెకు తీసుకొంటారు. బియ్యం కడిగి కుక్కరులో పెట్టడం మొదటి రోజే పట్టుబడుతుంది. కూర దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆగిపోతాయి. వీధి చివరి కర్రీ పాయింటు నుంచి పాలిథీన్ సంచిలో కట్టిన కూర వస్తుంది. అది తేవడానికి డబ్బు చాలని నాడు ఆవకాయ ముక్కతోనో, పొట్లాలలో దొరికే నూడుల్స్‌తోనో పూట గడుస్తుంది. ఉన్నత విద్యకు అమెరికా వెళ్లిన తెలుగు విద్యార్థులదీ ఇదే కథ. నలుగురు ఒకే ఇంట్లో ఉంటూ వంతులవారీగా వండుకోవలసి వచ్చినప్పుడు, ఆ దూరదేశం నుంచి తల్లికి ఫోను చేసి "పోపులో ముందు ఏం వేయాలమ్మా?" అని అడిగేవారు తక్కువ కాదు. ఆ ప్రశ్న తల్లి పక్కన నిలబడి అడగవలసినది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ దానికి తీరిక దొరకలేదు.

వంట నేర్వకపోవడానికి తీరిక లేకపోవడం ఒక్కటే కారణం కాదు. వంట ఆడవారి పని, అందులోనూ చదువులేనివారి పని అన్న చులకనభావం ఒకటి వేళ్లూనుకొని ఉంది. సంప్రదాయం ఈ భావాన్ని సమర్థించదు. ప్రాచీనులు లెక్కపెట్టిన అరవై నాలుగు కళలలో పాకకళకూ చోటుంది. రుచికరమైన వంటను తెలుగువారు నేటికీ 'నలభీమపాకం' అంటారు. నలుడు నిషధ దేశానికి రాజు. భీముడు పాండవ వీరుడు. విశేషమేమంటే ఈ ఇద్దరికీ వంట అక్కరకు వచ్చింది రాజ్యం చేజారిన తరువాతనే. భీముడు విరాటుని కొలువులో వలలుడనే పేరుతో వంటవాడై అజ్ఞాతవాసం గడిపాడు. బాహుకుడనే మారుపేరుతో రూపం మారి ఉన్న నలుణ్ణి దమయంతి గుర్తుపట్టడానికి తోడ్పడిన ఆనవాళ్లలో అతని చేతి వంట రుచి ఒకటి. సింహాసనం పోయినా, రూపం మారినా, చేతిలోని విద్య పోలేదన్నమాట. శ్రీకృష్ణదేవరాయలంతటి చక్రవర్తి 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుడు ఏ ఋతువులో అతిథులకు ఏయే వంటకాలు వడ్డించాడో వర్ణించాడు. కావ్యగౌరవానికి భంగమని ఆయన తలచలేదు.

అయితే సంప్రదాయాన్ని పొగడి ఊరుకొంటే సత్యంలో సగమే చెప్పినట్లవుతుంది. పాకశాస్త్రంలో కీర్తి పురుషులకు దక్కింది. పొయ్యి ఎదుటి ఉక్క స్త్రీలకు దక్కింది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశవ్యాప్తంగా జరిపిన సమయ వినియోగ సర్వే ఈ వ్యత్యాసాన్ని అంకెలలో చూపింది. జీతం లేని ఇంటిపనులలో స్త్రీలు నూటికి 81 మంది పాల్గొంటుండగా పురుషులు 26 మందే పాల్గొంటున్నారు. పాల్గొన్నవారిలోనైనా స్త్రీ ఆ పనులకు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుండగా పురుషుడు వెచ్చించేది 97 నిమిషాలు. ఒకే ఇంట్లో అన్నాచెల్లెళ్లు ఇద్దరూ పరీక్షలకు చదువుతున్నప్పుడు "కాస్త ఈ చిక్కుడుకాయలు ఈనెలు తీసిపెట్టవే" అన్న పిలుపు ఎవరికి వస్తుందో ప్రతి విద్యార్థికీ తెలుసు. ఆ అరగంట ఆమె చదువులోంచే పోతున్నది. తండ్రికిగానీ అన్నకుగానీ అది అన్యాయంగా తోచదు, ఎందుకంటే అది అలవాటు. అన్యాయాలలో గుర్తుపట్టడానికి కష్టమైనది అలవాటుగా మారిన అన్యాయమే.

'అమ్మ చేతి వంట' అన్న మాటలోనూ ఆలోచించవలసినది ఒకటుంది. ఆ మాట ఆప్యాయమైనదే. కాని అందరికీ వడ్డించి, "కూర ఎలా కుదిరింది?" అని అడిగి, చివరకు గిన్నె అడుగున మిగిలినదానితో భోజనం ముగించే తల్లికి ఇంకొకరి చేతి వంట వేడివేడిగా తినే భాగ్యం ఏడాదిలో ఎన్ని రోజులు కలుగుతున్నది? ఆమె వంటను ఎంతగా పొగడితే వంటింటి గడప ఆమెకు అంత దాటరానిదవుతున్నది. కన్నబిడ్డ ఒకనాడు పొయ్యి ముందు నిలిచి బీరకాయకూర చేసి ఆమెకు మొదట వడ్డిస్తే, ఎన్ని ప్రశంసలూ దానికి సాటిరావు. అందులో ఉప్పు ఒక రవ్వ ఎక్కువైనా ఆమె పట్టించుకోదు.

ఇక ఆరోగ్యం మాట. పెద్దవారు రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. బంగాళాదుంప వంటి పిండిదుంపలు ఈ లెక్కలోకి రావు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు కూడా కూరగాయలకు పెద్దపీట వేశాయి. వాస్తవ జీవితం మరొక దిశలో నడుస్తున్నది. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలో పల్లెలలోనూ పట్టణాలలోనూ ఆహారంపై జరిగే ఖర్చులో పానీయాలు, తయారుచేసి అమ్మే ఆహార పదార్థాల వాటాయే అన్నింటికన్నా ఎక్కువ. 2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లలలో నూటికి 59 మందిలో రక్తహీనత కనిపించింది. అదే వయసు మగపిల్లలలో అది నూటికి 31. ఈ వయస్సు కళాశాల విద్యార్థుల వయస్సే. రక్తహీనతకు కారణాలు అనేకం. ఒక్క కూరతో అది నయమవుతుందనడం సాహసం. కాని ఆకుకూరలు, పప్పులు, పుల్లని పండ్లు రోజూ ఉండే భోజనం దానిని ఎదుర్కొనే మార్గాలలో ఒకటనడంలో సందేహం లేదు. అటువంటి భోజనం చౌకగా, తాజాగా దొరికే చోటు ఇంటి వంటిల్లే.

వంటను మోటుపనిగా భావించే విద్యార్థి వంటింట్లో అడుగుపెడితే తన పాఠ్యపుస్తకాలు అక్కడ తెరచి ఉన్నట్లు గ్రహిస్తాడు. వంకాయ ముక్కలు తరిగిన వెంటనే ఉప్పునీటిలో వేయకపోతే నల్లబడతాయి. కోసినచోట గాలి తగిలి, కాయలోని ఎంజైములు ఆక్సీకరణం జరపడమే ఇందుకు కారణం. బెండకాయలను కడిగి, తుడిచి, ఆ తరువాతనే తరగాలి. తరిగాక కడిగితే లోపలి జిగురు నీటితో కలసి సాగుతుంది. ఆకుకూరలను కూడా తరగకముందే కడగాలి. తరిగిన తరువాత కడిగితే నీటిలో కరిగే విటమినులు ఆ నీటితో పాటు పోతాయి. చింతపండు పులుసు ముందే పోస్తే ముక్క త్వరగా ఉడకదు. పులుపు కాయలోని పెక్టిన్‌ను మెత్తబడనీయదు. కనుకనే పెద్దలు ముక్క ఉడికాక పులుసు పోయమంటారు. తోటకూరలో, గుమ్మడిలో, క్యారెట్‌లో ఉండే కెరోటిన్ శరీరానికి పట్టాలంటే కొంచెం నూనె అవసరం. పోపులో వేసే రెండు చెంచాల నూనె రుచికోసమే కాదన్నమాట. నిమ్మరసం పొయ్యి మీద నుంచి దించిన తరువాత పిండుతారు. విటమిన్ సి వేడికి నశించే గుణం కలది. ఆ విటమినే ఆకుకూరలోని ఇనుమును శరీరం గ్రహించడానికి తోడ్పడుతుంది. ఇవేవీ పుస్తకం చూసి నేర్చినవి కావు. తరతరాల గృహిణులు కంటితో చూసి, నాలుకతో పరీక్షించి స్థిరపరచినవి. శాస్త్రం వాటికి తరువాత కారణాలు చెప్పింది.

ఒక్క బీరకాయకూరను ఉదాహరణగా తీసుకొంటే చాలు, ఈ విద్య ఎంత సులభమో, ఎంత జాగ్రత్తను కోరుతుందో తెలుస్తుంది. లేత కాయలు అరకిలో తీసుకొని ఈనెలు చెక్కి, ముక్కలు తరగడానికి ముందు ప్రతి కాయ చివర చిన్న ముక్క కొరికి చూడాలి. చేదుగా ఉన్న కాయను పారవేయాలి. బీర, ఆనప వంటి కాయలలో అసహజమైన చేదు విషపదార్థానికి గుర్తు. బాణలిలో రెండు చెంచాల నూనె కాగాక శనగపప్పు, మినపపప్పు వేసి, అవి రంగు తిరిగే వేళకు ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి వేయాలి. ఆవాలు చిటపటమన్నాక కరివేపాకు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ ముక్కలు వేసి వేగనివ్వాలి. ఆపై బీరకాయ ముక్కలు, చిటికెడు పసుపు వేసి మూతపెట్టాలి. నీరు పోయనక్కరలేదు. కాయలోని నీరే దానిని ఉడికిస్తుంది. కొత్తగా వండేవారు పొరపడేది ఇక్కడే. బాణలి నిండా ఉన్న ముక్కలను చూసి అందుకు తగిన ఉప్పు వేస్తారు. పదిహేను నిమిషాలలో అవి మగ్గి గుప్పెడు కూరగా మిగిలేసరికి నోట పెట్టలేనంత ఉప్పన అవుతుంది. కూర దగ్గరపడ్డాక రుచి చూసి ఉప్పు వేయడం ఉత్తమం. చివరలో కాసిని పాలు పోసి దించేవారున్నారు. నువ్వులపొడి చల్లి దించేవారున్నారు. చెక్కిన పొట్టును కూడా వృథా చేయక నువ్వులు, మిరపకాయలతో వేయించి, చింతపండు చేర్చి నూరితే పచ్చడి అవుతుంది. ఒక్క కాయతో రెండు వంటకాలు! పొదుపును గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా ఈ పొట్టుపచ్చడి నేర్పినంత పాఠం ఒంటబట్టదు.

కూరల వైవిధ్యంలో ప్రాంతాల వ్యక్తిత్వం దాగి ఉంటుంది. గోదావరి జిల్లాలలో ఆవపెట్టిన పనసపొట్టు కూర, కార్తికమాసపు కందబచ్చలి పేరుపొందాయి. రాయలసీమ వంటలలో వేరుసెనగపప్పుల పొడికి ప్రత్యేక స్థానముంది. కోస్తావారి గోంగూర తెలంగాణలో పుంటికూర. కోస్తావారి బంగాళాదుంప తెలంగాణలో ఆలుగడ్డ, రాయలసీమలో ఉర్లగడ్డ. వండే విధానాన్ని బట్టి వేపుడు, ఇగురు, ముద్దకూర, పులుసుకూర, కారంపెట్టిన కూర అని ఎన్నో భేదాలు. పొన్నగంటి, గంగవావిలి వంటి ఆకులు చేలగట్లలో, పొలాలలో విత్తకుండానే మొలుస్తాయి. వాటిని గుర్తుపట్టి కోసుకొనేవారు తగ్గిపోతున్నారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత ఈ ఆకుల విషయంలో అక్షరసత్యమైంది. వండేవారు లేనినాడు వంటకం పోతుంది. వంటకంతోపాటు దాని పేరు నిఘంటువుకే పరిమితమవుతుంది. కత్తిపీటను ఎన్నడూ చూడని పిల్లవాడికి 'కందకు లేని దురద కత్తిపీటకెందుకు' అన్న సామెతలోని చమత్కారం ఎలా అందుతుంది? కనుక భాషాభిమానులు కూడా ఆలోచించవలసిన విషయమిది.

దీనికి కొన్ని ఆక్షేపణలు వినిపిస్తాయి. పోటీ పరీక్షల కాలంలో వంటకు సమయమెక్కడిదన్నది మొదటిది. ఆక్షేపణలో కొంత న్యాయముంది. పరీక్షల ముందు ఎవరినీ వంటింట్లోకి నెట్టవలసిన పనిలేదు. కాని వారానికి ఒక ఆదివారం, వేసవి సెలవులలో కొన్ని దినాలు చాలు. పది పూటల సాధనతో చేయి తిరిగే విద్యకు సమయం లేదనడం సాకు మాత్రమే. డబ్బిస్తే వండిన కూర దొరుకుతుండగా ఈ శ్రమ ఎందుకన్నది రెండవది. కర్రీ పాయింట్లను నిందించనక్కరలేదు. ఉద్యోగం చేసే దంపతులకూ, ఒంటరి వృద్ధులకూ అవి తోడ్పడుతున్నాయి. వాటివల్ల ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. వంట తెలిసినవాడు అక్కడ కూర కొంటే అది అతని ఇష్టం. తెలియనివాడు కొంటే అది అతని గత్యంతరం లేనితనం. ఆ కూరలో నూనె ఎంత పడిందో, ఉప్పు ఎంత పడిందో నిర్ణయించే అధికారం తినేవాడికి లేదు. రోజుకు అయిదు గ్రాములలోపు ఉప్పు చాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ హితవును పాటించదలచినవాడు ముందుగా గరిటె తన చేతిలోకి తీసుకోవాలి. ఆకలి రుచి ఎరుగదన్నమాట నిజమే. కాని శరీరం మాత్రం తిన్నదానినంతా లెక్క పెడుతూనే ఉంటుంది.

మూడవ ఆక్షేపణ తల్లిదండ్రులది. "నా కొడుక్కి ఆ ఖర్మేమిటి?" అని కొందరు, "నా కూతురు చదువుకొని ఉద్యోగం చేయాలి, వంటింట్లో మగ్గరాదు" అని కొందరు అంటారు. రెండవ మాట వెనుక తరతరాల బాధ ఉంది. దానిని గౌరవించవలసిందే. వంటిల్లు ఒక్కరికే అంటగట్టినప్పుడు అది చెర అవుతుంది. ఇంటిల్లిపాదీ పంచుకొన్నప్పుడు అది పని మాత్రమే అవుతుంది. కూతురికి వంట నేర్పకపోవడం వల్ల ఆమె విముక్తి కలగదు. ఆమె అన్నదమ్ములకూ, రేపటి ఆమె భర్తకూ వంట వచ్చినప్పుడే ఆమె భుజం మీది బరువు దిగుతుంది. కనుక కొడుకుకు కూర నేర్పే తల్లి తన కోడలికి మేలు చేస్తున్నది. అంతకన్నా ముందుగా తన కొడుకుకే మేలు చేస్తున్నది.

ఇల్లలకగానే పండుగ కాదు. మొదటిరోజు కూర మాడవచ్చు. రెండవరోజు ముక్క ఉడకకపోవచ్చు. పోపు మాడితే పారవేసి మళ్లీ పెట్టాలి. ఉప్పు ఎక్కువైతే మరికొన్ని ముక్కలో, ఉడికిన పప్పో చేర్చి సరిదిద్దాలి. తప్పు జరిగిన చోటును గుర్తించడం, కారణం వెదకడం, మరునాడు దానిని దిద్దుకోవడం అనే మూడు గుణాలను ప్రయోగశాల నేర్పుతుంది, వంటిల్లూ నేర్పుతుంది. వంటింటి ప్రయోగఫలితాన్ని ఇంటిల్లిపాదీ కలసి తింటారు. కాబట్టి అక్కడ శ్రద్ధ మరికాస్త ఎక్కువ కావాలి. సంతలో కాయ ఎంచడం, ధర అడగడం, ఉన్న డబ్బులో నాలుగు రోజుల కూర అమర్చుకోవడం, తన కోసమే కాక పక్కవాడి కోసం కూడా వండడం, వీటన్నిటిలోనూ పౌరుడు తయారవుతాడు.

ఇంట గెలిచి రచ్చ గెలువమన్నారు పెద్దలు. ఆ ఇంటిలో వంటిల్లు కూడా ఒక గది. నేటి విద్యార్థి రేపు వైద్యుడు కావచ్చు, ఇంజనీరు కావచ్చు, ఏ దేశంలోనైనా స్థిరపడవచ్చు. ఎక్కడున్నా సాయంకాలం ఆకలి వేయక మానదు. ఆ వేళ ఇతరుల దయ మీద ఆధారపడక, గుప్పెడు చిక్కుడుకాయలు తుంచి, పోపు పెట్టి, తానొక ముద్ద తిని ఎదుటివారికొక ముద్ద పెట్టగలగడం స్వావలంబన. వచ్చే ఆదివారం ప్రతి ఇంటా తల్లి కూర్చుని ఉండగా పిల్లలు కూర వండితే ఆ విద్యకు అక్షరాభ్యాసం జరిగినట్లే.